పార్వతమ్మ విప్పిన గోడ

పార్వతమ్మకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. వనపర్తి ఊరి చివర కూలీల సంఘం కట్టిన చెక్క ఇళ్ళ వరసలో ఆమెకు ఇల్లొచ్చిన మొదటి వారమే ఆ సంగతి ఇరుగుపొరుగుకు తెలిసిపోయింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే లేచి గోడ తట్టి చూసేది. అన్నం వార్చి ఇంకో గోడ తట్టేది. గాలి వీస్తే బయటికొచ్చి కప్పు వంక చూసేది.

ఆమెది కోడేరు. పెళ్ళయిన ఏడాదికే భర్త యోహానుతో కలిసి వలస పోయింది. పుణె, ముంబయి, హైదరాబాదు, ఎక్కడ మేస్త్రీ చూపిస్తే అక్కడ రేకుల షెడ్డు వేసుకునేవాళ్ళు. పెద్ద భవనం లేవగానే వీళ్ళ షెడ్డు పీకేసేవాళ్ళు. ఒకసారి పుణెలో చంటిబిడ్డకు నీళ్ళు పోస్తుండగానే నెత్తిమీది రేకు ఊడదీశారు. తడి పిల్లను కొంగులో చుట్టుకుని ఎండలో నిలబడింది. ఆ పిల్ల ఇప్పుడు కల్వకుర్తిలో కాపురం చేసుకుంటోంది గానీ, ఆ పూట మాత్రం తల్లికి కళ్ళముందే ఉంది.

అందుకే కొత్త ఇల్లు ఆమెకు సంతోషం కన్నా దిగులే ఎక్కువ తెచ్చింది. నీలగిరి, సర్వి కర్ర కోసి, చెద పట్టకుండా మందు పెట్టి, పలకలుగా అతికి, గోడలను షెడ్డులోనే తయారుచేసి లారీలో తెచ్చారు. రాతి దిమ్మెల మీద స్తంభాలు నిలిపి వాటికి ఆ గోడలు బోల్టులతో బిగించారు. పొద్దున ఖాళీగా ఉన్న జాగాలో సాయంత్రానికి ఇల్లు నిలబడింది. రేకుల్లా కాలదు, వానకు కారదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"గింత జల్ది లేసిన ఇల్లు గంత జల్దే పోదా, బిడ్డా?" అని సంఘం తరఫున ఇళ్ళ పని చూసే అఖిలను అడిగింది.

"పోదత్తా. జాగ మనది కాదు, కిరాయికి తీసుకున్నం. రేపు వాళ్ళు అడిగితే సిమెంటు ఇల్లయితే కూలగొట్టాల్సిందే. ఇదైతే విప్పుకొని ఇంకోకాడ పెట్టుకోవచ్చు. అందుకే గిట్ల కట్టినం."

అఖిల ధైర్యం చెప్పాననుకుంది. పార్వతమ్మకు మాత్రం 'విప్పుకోవచ్చు' అన్న మాటే చెవిలో మిగిలింది. మర్నాడు యోహాను పనిసంచిలోంచి పానా తీసి, బోల్టుల మీద కప్పిన చెక్కపట్టీలు తొలగించి, ఒక్కొక్కటీ బిగించింది. ఇక అది రోజువారీ పనైపోయింది.

"ఎన్నిసార్లు బిగిస్తవే? మరలు అరిగిపోతయి," అన్నాడు యోహాను.

"నువ్వు పనికి పోతవు. ఇంట్ల ఉండేది నేను."

రెండిళ్ళకూ కలిపి ఉన్న నడిమి గోడకు అవతలి ఇంట్లో శాంతమ్మ ఒక్కతే ఉండేది. గద్వాలలో మగ్గాలకు కండెలు చుట్టి చుట్టి చూపు మందగించిన ముసలావిడ. ఆమె దగ్గు, గిన్నెల చప్పుడు ఇవతలికి వినిపించేవి. వీళ్ళ పొద్దుటి ప్రార్థన అవతలికి వినిపించేది. వాకిట్లో పలకరించుకునేవాళ్ళే గానీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. శాంతమ్మ చెల్లెలి కొడుకు వెంకట్రాములు అప్పుడప్పుడు వచ్చి, "పక్కింటోళ్ళతోటి జర ఎడంగ ఉండు, పెద్దమ్మా," అని చెప్పిపోయేవాడు. అదీ ఇవతలికి వినిపించేది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం అవతల దబ్బున చప్పుడైంది. తర్వాత దగ్గు కూడా లేదు.

"పెద్దమ్మా! ఏమైంది పెద్దమ్మా?" అని గోడ తట్టింది పార్వతమ్మ.

బదులు రాలేదు. పరుగున వెళ్ళి చూస్తే తలుపు లోపల గడియ పెట్టి ఉంది, కిటికీకి ఇనుప చువ్వలున్నాయి. భుజంతో నెట్టింది, తన్నింది. ఏదీ కదల్లేదు. ఆ చెక్క ఇల్లు ఎంత గట్టిదో ఆమెకు అప్పుడే తెలిసింది. వరసలో మగవాళ్ళెవరూ లేరు. అఖిలకు ఫోన్ చేస్తే గద్వాల నుంచి వస్తూ బీచుపల్లి దగ్గర బస్సులో ఉంది.

"నేనొచ్చేదాక ఆగద్దు. మీ ఇంట్లకెల్లి నడిమి గోడ విప్పు అత్తా. పై బోల్టులు ఆఖరుకు తియ్యి, లేకుంటే పలక మీద పడుతది. పట్టుకునేటందుకు ఇద్దరిని పిలువు."

పార్వతమ్మ పానా పట్టుకుంది. బోల్టు తిరగలేదు. ఇన్నాళ్ళూ బిగించి బిగించి తనే రాకుండా చేసుకుంది. తనను తానే తిట్టుకుంటూ పానాకు ఇనుప గొట్టం తొడిగి ఒళ్ళంతా మోపింది. కిర్రుమని తిరిగింది. పక్క ఇళ్ళ ఆడవాళ్ళిద్దరు పలక ఆనుకొని పట్టుకున్నారు. ఆఖరి బోల్టు రాగానే ముగ్గురూ కలిసి గోడను పక్కకు జరిపారు. శాంతమ్మ పొయ్యి దగ్గర పడి ఉంది. నుదుటి మీద నెత్తురు. ఊపిరి ఆడుతోంది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యి తిరిగొచ్చే దాకా పార్వతమ్మే దగ్గరుండి చూసుకుంది. ఇంటికి తెచ్చిన రోజు పలక మళ్ళీ బిగించడానికి అఖిల వచ్చింది. వెంకట్రాములు కూడా వచ్చాడు.

"అట్లనే పెట్టకు బిడ్డా," అంది పార్వతమ్మ. "నడిమిట్ల తలుపు కొయ్యి."

"గదెట్ల కుదురుతది?" అన్నాడు వెంకట్రాములు. "మీరూ ఆమే ఒక్క ఇంట్ల ఉంటరా?"

పార్వతమ్మ మొహం చిన్నబోయింది. కుర్చీలో ఉన్న శాంతమ్మ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది.

"నన్ను తీస్కపోయి నీ ఇంట్ల ఉంచుకుంటవా, రాములూ?"

అతను ఫోన్ తీసి టైము చూసుకున్నాడు.

"మరి తలుపు పెట్టనియ్యి," అందావిడ.

అఖిల ఆ సాయంత్రమే పలకలో తలుపు కోసింది. గడియ మాత్రం శాంతమ్మ వైపే పెట్టమంది పార్వతమ్మ. శాంతమ్మ దాన్ని ఎప్పుడూ వేసుకోలేదు.

చలికాలంలో ఎవరో ఆ జాగా కొలుచుకుపోయారు. వరసంతా గుసగుసలు. పార్వతమ్మ అఖిలకు ఫోన్ చేసింది.

"ఇప్పుకొని పోవాల్సొస్తదా?"

"ఇంకా తెల్వదత్తా. రావచ్చు."

"పోతే పోదాం. కొత్త జాగల మా రెండిండ్లు పక్కపక్కనే పెడుతరు గదా?"

పెడతామంది అఖిల. పార్వతమ్మ మర్నాడు ఫోన్ చేసి మళ్ళీ అదే అడిగింది.