వన్నూరప్ప ట్యాంకరులో ఛార్జింగ్ తకరారు

2019 మార్చిలో నేను రాప్తాడు దగ్గర, హైవే పక్కనున్న ఒక ట్యాంకర్ల షెడ్డులో వర్క్‌షాప్ ఇన్‌చార్జిగా చేరాను. అంతకు ముందు సైన్యంలో వాహనాల ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి నాయబ్ సుబేదారుగా రిటైరయ్యాను. నాయబ్ సుబేదారు అంటే జవాన్లకు పైన, ఆఫీసర్లకు కింద ఉండే హోదా. పైవాళ్లు అనే మాటలు పడాలి, కిందివాళ్ల చేత పని చేయించాలి. షెడ్డు యజమాని ఓబిరెడ్డి నన్ను మొదటి రోజు నుంచీ "సుబేదార్ సార్" అని పిలిచాడు. సర్కారు ఇవ్వని ప్రమోషన్ ఆయన ఇస్తుంటే నేనెందుకు వద్దంటాను?

సైన్యం వాడి పక్కన పెట్టిన లారీలను వేలం వేస్తుంది. మా వైపు వాటిని డిస్పోజల్ బండ్లు అంటారు. వీటికి ముందు చక్రాలు కూడా ఇంజన్ బలంతోనే తిరుగుతాయి కాబట్టి వంకల్లోని ఇసుకలోనూ, గుంతల దారుల్లోనూ దిగబడకుండా బయటపడతాయి. ఓబిరెడ్డి అలాంటివి కొన్ని కొని, వెనక బాడీ తీయించి, నీళ్ల ట్యాంకులు బిగించాడు. ఎండాకాలంలో ఉరవకొండ వైపు పల్లెలకు తాగునీళ్లు తోలే కాంట్రాక్టు ఆయనది. ట్యాంకరు ఒక పూట ఆగిందంటే ఆ పల్లెలో బిందెలు ఎండలో వరుసగా కూర్చుంటాయి, ఓబిరెడ్డి ఫోను మోగుతూనే ఉంటుంది.

డిస్పోజల్ బండ్లలో కరెంటు ఏర్పాటు ఇరవై నాలుగు వోల్టులది. పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఫ్యాన్ బెల్టు ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, ఆల్టర్నేటర్ బ్యాటరీలను నింపుతుంది. జనం ఇంకా దాన్ని డైనమో అనే అంటారు. అది సరిగా పనిచేస్తుంటే బ్యాటరీల మీద మీటరు పెట్టినప్పుడు ఇరవై ఎనిమిది వోల్టులకు కాస్త అటూ ఇటూగా చూపించాలి. ఇరవై ఐదు దగ్గరే ఆగిందంటే బ్యాటరీలకు తిండి అందడం లేదని అర్థం.

నేను చేరిన వారంలోనే ఓబిరెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. వన్నూరప్ప అనే డ్రైవరు తోలే ట్యాంకరులో బ్యాటరీలు మాటిమాటికీ చచ్చిపోతున్నాయట. ఒక జత మార్చారు. ఆల్టర్నేటర్ కూడా ఒకసారి మార్చారు. అయినా తెల్లారితే సెల్ఫ్ తిరగదు, నలుగురు తోయాలి. మిగతా బండ్లు రాత్రి షెడ్డులోనే ఉంటాయి. వన్నూరప్పది ఉరవకొండకు అవతల పల్లె, ఆయన తోలే దారి కూడా అదే గనక బండి ఆయన ఇంటి ముందే ఆగుతుంది. ఓబిరెడ్డి అనుమానమంతా అక్కడే.

"వాడు కొత్త బ్యాటరీలు అమ్ముకొని పాతవి పెడతాండాడు సార్. మీరొకసారి చూసి అవునని చెప్తే చాలు, పోలీసులకు పట్టిస్తా" అన్నాడు.

చూడకముందే అవునని చెప్పే అలవాటు నాకు లేదు. ఆ మాటే కాస్త గట్టిగా అన్నాను. ఓబిరెడ్డి నొచ్చుకున్నాడు గానీ బండిని నాకు అప్పగించాడు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. వేరుశనగ పంట వరసగా పోయాక ఉన్నదంతా ఈ లారీల మీద పెట్టాడు. అంతే, కంటికి కనపడినవాళ్లందరూ దొంగల్లాగే తోచేవాళ్లు.

వన్నూరప్ప నలభై దాటిన మనిషి, సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. ఆయనకు సంగతి తెలుసు. ఓబిరెడ్డి నోరు షెడ్డంతా వినపడేది. ఈ జిల్లాలో బండ్ల యజమానులందరూ ఒకరికొకరు ఎరిగినవాళ్లే. దొంగ అనే పేరుతో దిగిన డ్రైవరుకు అనంతపురంలో గానీ బళ్లారిలో గానీ తాళాలిచ్చేవాడు ఉండడు. హెవీ లైసెన్సు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు.

"బండిలో ఏమన్నా కెలికినావా వన్నూరప్పా?" అని అడిగాను.

"లేదు సార్. నేనేం ముట్టుకోలేదు" అన్నాడు.

పని మొదలుపెట్టాను. సైన్యంలో మాకు నేర్పిన పద్ధతి ఒకటే. ఏదీ విప్పకముందు కొలవాలి, కొలవకముందు ఏదీ మార్చకూడదు. బెల్టు బిగువు చూశాను, బాగుంది. ఇంజన్ నడిపి కొలిస్తే ఆల్టర్నేటర్ చచ్చి ఉంది. విప్పితే లోపలి డయోడ్లు కాలిపోయి ఉన్నాయి. ఆల్టర్నేటర్‌లో పుట్టే కరెంటు అటూ ఇటూ ఊగుతుంది, బ్యాటరీకి మాత్రం ఒకే వైపు పారే కరెంటు కావాలి. డయోడ్లు ఆ పని చేస్తాయి. అవి చెడితే ఛార్జింగ్ పోవడంతో ఆగదు, బండి నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీలో ఉన్న కరెంటు కూడా వెనక్కి కారిపోతుంది. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ కావడానికి దొంగ అవసరం లేదు.

డయోడ్లు మార్పించి మళ్లీ కొలిచాను. ఆల్టర్నేటర్ దగ్గర ఇరవై ఎనిమిది, బ్యాటరీల దగ్గర ఇరవై ఐదున్నర. మధ్యలో వోల్టులు ఎక్కడో జారిపోతున్నాయి. ప్లస్ వైరు పొడవునా మీటరు పెట్టి చూస్తే తేడా లేదు. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కు పెడితే రెండున్నర వోల్టులు అక్కడ దొరికాయి. అంటే కరెంటు బండి చట్రం గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి, ఎర్త్, సరిగా లేదు. ట్యాంకు బిగించినప్పుడు పెయింటరు ఆ చట్రానికి, అంటే ఛాసిస్‌కు, నీలం రంగు దట్టంగా కొట్టాడు. ఎర్త్ పట్టీ విప్పి, ఆ రంగు మీదే మళ్లీ బిగించాడు. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పట్టీ బిగిస్తే బ్యాటరీల మీద ఇరవై ఎనిమిది వచ్చింది. మొదటి జత బ్యాటరీలు చచ్చింది దీనివల్లే. పెయింటరును పిలిచి నా భాషలో నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయదగినవి కావు.

ఇంకో పని కూడా చేశాను. బ్యాటరీలకు వైర్లు తగిలించే సీసపు మొలకల మీద పంచ్ ఉలితో చిన్న గుర్తులు కొట్టాను. ఆ సంగతి ఓబిరెడ్డికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

తకరారు తీరిందనుకున్నాను. ఎక్కడ తీరింది! పక్షం తిరక్కుండానే ఓబిరెడ్డి ఫోను. బండి మళ్లీ తోయాల్సి వచ్చిందట. తెప్పించి చూశాను. బ్యాటరీల మీద నా గుర్తులు అలాగే ఉన్నాయి, అవి అవే బ్యాటరీలు. ఎర్త్ శుభ్రంగా ఉంది. డయోడ్లు మాత్రం మళ్లీ కాలిపోయాయి.

"చూడు రెడ్డీ, బ్యాటరీలు మార్చలేదు. దొంగతనం మాట ఇంగ వదిలిపెట్టు" అన్నాను.

ఓబిరెడ్డి, "అట్లయితే కావాలనే చెడగొడతాండాడు. ఆ దారి వానికి ఇష్టం లేదు సార్, ఇసుకలో తోలలేక" అన్నాడు. శనివారం లెక్క చూసి పంపించేస్తానని, ఎందుకు పంపించినానో అందరికీ చెప్తానని కూడా అన్నాడు.

నాకు కోపం వచ్చింది. సగం ఓబిరెడ్డి మీద, సగం ఆ డయోడ్ల మీద. మంచి ఆల్టర్నేటర్‌లో డయోడ్లు ఊరికే కాలవు. బ్యాటరీ తలకిందులుగా కలపాలి, లేదా ఛాసిస్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు వైర్లు విప్పకుండా ఉండాలి, లేదా నడుస్తున్న ఇంజన్‌లో బ్యాటరీ తెగిపోవాలి. మొదటి రెండూ జరగలేదు. మూడోదానికి బ్యాటరీ వైర్లను పట్టి ఉంచే క్లాంపులు వదులుగా ఉండాలి, అవి నేను బిగించినవే. కాబట్టి బండిలో వెతకడం మానేసి బండి వెంట పోదామనుకున్నాను. డయోడ్లు మళ్లీ మార్పించి, శుక్రవారం పొద్దున్నే బస్సులో ఆ పల్లెకు పోయాను.

వన్నూరప్ప నన్ను చూసి కంగారు పడ్డాడు గానీ అరుగు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన పని చూస్తూ కూర్చున్నాను. రేడియేటర్లో నీళ్లు చూశాడు, ఆయిలు పుల్ల తీసి చూశాడు, టైర్లు తట్టాడు. తప్పు పట్టడానికేమీ లేదు. ఇంజన్ స్టార్టు చేశాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. తర్వాత పానా తీసుకుని దిగి, బ్యాటరీ పెట్టె మూత తెరిచి, మైనస్ క్లాంపు వదులు చేసి, వైరును పైకి లేపేశాడు. చిటుక్కున నిప్పురవ్వ లేచింది. ఇంజన్ నడుస్తూనే ఉంది. ఆయన తృప్తిగా తలాడించాడు.

టీ గ్లాసు నా చేతిలోంచి ఎక్కడ పడిందో నాకు తెలియదు. "ఏయ్! ఏం చేస్తాండావప్పా నువ్వు!" అని అరిచాను. వీధిలో వాళ్లు ఆగి చూశారు.

"చెక్ చేస్తాండా సార్" అన్నాడు. "బ్యాటరీ తీసినా ఇంజన్ ఆగలేదంటే డైనమో పనిచేస్తాండాది అని గదా. దినామూ చూసుకొనే బయలుదేరతా."

"ఏం ముట్టుకోలేదంటివే!"

"ముట్టుకోలేదు సార్. చూసినా, అంతే."

అబద్ధమాడే ముఖం కాదు అది. ఈ పరీక్ష ఎక్కడ నేర్చినావని అడిగితే, చిన్నప్పుడు పెట్రోలు జీపు తోలేటప్పుడు అని చెప్పాడు. డైనమో ఉన్న ఆ జీపులకు అది చెల్లింది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి, కరెంటు ఆగితే ఇంజన్ ఆగుతుంది. మా పాత డీజిల్ ఇంజనుకు నడవడానికి కరెంటే అక్కర్లేదు. ఆల్టర్నేటర్‌ను పూర్తిగా విప్పి ఇంట్లో పెట్టి వచ్చినా అది నడుస్తుంది. కాబట్టి ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. పైగా వైరు పీకిన క్షణాన ఆల్టర్నేటర్‌లోంచి వచ్చే కరెంటుకు పోయే దారి మూసుకుపోయి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి డయోడ్ల మీద పడుతుంది. ఒకరోజు తట్టుకుంటాయి, రెండో రోజు తట్టుకుంటాయి, ఒక రోజు పోతాయి.

"ఇట్ల చూడడం ఎప్పుడు మొదులుపెట్టినావు?" అన్నాను.

ఆయన నేల చూస్తూ చెప్పాడు. "మొదటి బ్యాటరీలు పోయినప్పుడు రెడ్డన్న అందరి ముందర అనె గదా సార్, దొంగ నాకొడుకని. అప్పట్నించి. మళ్లీ నా చేతిలో పోగూడదని."

పెయింటరు చేసిన తప్పుకు మాట పడి, ఆ మాట మళ్లీ పడకూడదనే భయంతో, ఈ మనిషి ప్రతి ఉదయం తన చేతులతోనే బండిని చెడగొట్టుకుంటున్నాడు. చాలా బాధ కలిగింది. అరిచినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. ఛార్జింగ్ చూసుకోవడానికి నా మీటరే ఇచ్చి, ఎక్కడ పెట్టాలో, ఎంత చూపించాలో చేయించి చూపాను. ఒక్కసారికే పట్టుకున్నాడు.

శనివారం షెడ్డులో ఓబిరెడ్డికి మొత్తం వివరంగా చెప్పాను. మిగతా డ్రైవర్లు కూడా అక్కడే ఉన్నారు. ఆయన విని విని, "అంటే చెడగొట్టింది వాడే గదా సార్" అన్నాడు.

"వాడే. చెడగొట్టేటట్లు చేసింది నీ నోరు" అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

ఓబిరెడ్డి కాసేపు గడ్డం గోక్కున్నాడు. చివరికి, "సరేలే, అయిందేదో అయింది. బండి తీస్కపో వన్నూరప్పా, ఉరవకొండ వైపు నీళ్లు పోవల్ల" అన్నాడు.

వన్నూరప్ప కదల్లేదు. "రెడ్డన్నా, బ్యాటరీలు నేను అమ్ముకోలేదని ఈడ ఉండే అందరి ముందర ఒక్క మాట చెప్పు."

"అమ్ముకోలేదు లేప్పా. నేనే తప్పుగా అనుకున్యా."

"చాలన్నా" అని వన్నూరప్ప జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంగ నేను వస్తా. అప్పుడే పోయింటే దొంగతనం చేసి పారిపోయినాడు అంటారని ఉండినా."

ఓబిరెడ్డి బతిమాలాడు. జీతం పెంచుతానన్నాడు. వన్నూరప్ప వినలేదు. నా మీటరు నాకిచ్చి, నమస్కారం పెట్టి, హైవే మీదికి నడిచాడు. రాప్తాడులోనే బస్సెక్కాడని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ తర్వాత కొన్నేళ్లు అదే షెడ్డులో పనిచేసి మానేశాను. ఛార్జింగ్ పోయిన బండి వస్తే బానెట్ ఎత్తకముందు డ్రైవరును కూర్చోబెట్టి, దీన్ని దినామూ ఎట్ల చూసుకుంటావప్పా అని అడిగేవాణ్ని. చేసి చూపించమనేవాణ్ని. సగం తకరారులు అక్కడే దొరికేవి. లోపాన్ని కొలవడానికి మీటరు ఉంది. అనుమానం పడ్డ మనిషి భయంతో బండికి ఏం చేస్తాడో మీటరు చూపదు, అడగాలి.

ఆ ట్యాంకరు మళ్లీ ఛార్జింగ్ తకరారుతో నా దగ్గరికి రాలేదు. దాన్ని తోలడానికి మాత్రం ఆ వేసవంతా ఓబిరెడ్డికి సరైన డ్రైవరు దొరకలేదు.