త్రియేక దేవుడు, మా బావగారి ఫ్యాను, కొల్లేరు ప్రయాణం

తాడేపల్లిగూడెం నుంచి కొల్లేరు లంకకు నేను వెళ్లింది చేపల కోసం కాదు, పక్షుల కోసమూ కాదు. మా చెల్లెలు రూతమ్మ కోసం. నాలుగేళ్లుగా అది పుట్టింటి గడప తొక్కలేదు. కారణం మా ఇంట్లో ఫ్యాను.

మా ఇంటికి శ్లాబు వేసినప్పుడు కృతజ్ఞతా కూటం పెట్టాను. రూతమ్మ భర్త దానియేలు బావగారు వాక్యం చెప్పారు. "దేవుడు త్రియేకుడు, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా ఒక్కడే. ఆ ఫ్యాను చూడండి. రెక్కలు మూడు, ఫ్యాను ఒక్కటే" అన్నారు. జనం తలలూపారు. ఐదో తరగతితో బడి మానేసినా నలభై ఏళ్లుగా బైబిలు చదువుతున్నవాణ్ణి, ఊరుకుంటానా? లేచాను.

"బావగారూ, ఆ రెక్కలు ఒకదాన్నొకటి ప్రేమించుకుంటాయా? లోకం పుట్టకముందే తండ్రి కుమారుణ్ణి ప్రేమించాడని రాసుంది. ప్రేమించాలంటే ఎదుట ఒకరుండాలి. మీరు దేవుణ్ణి తీసుకెళ్లి కొక్కేనికి తగిలించారు!"

ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయారు. వెనకే చెల్లెలు.

మొన్న రూతమ్మ ఉత్తరం రాసింది. "అన్నయ్యా, నువ్వొచ్చి ఆయనతో ఒక్క మాట కలుపు. ఆయన బదులు పలికితే నీ వెంట వస్తాను. లేకపోతే ఇక ఈ జన్మకి రాను."

ఆరూ యాభైకి రావలసిన పాసింజరు ఏడున్నరకి వచ్చింది. నా చిన్నప్పుడు బొగ్గింజను కూడా ఇంత ఆలస్యం చేసేది కాదు. ఎదుటి సీటులో సైన్సు మాస్టారొకరు నా గోడు విని, "నీరు, ఆవిరి, మంచుగడ్డ అని చెప్పకపోయారాండీ?" అన్నారు.

"నీళ్లు ఆవిరితో కబుర్లు చెప్పుకోవడం మీరెప్పుడైనా చూశారాండీ?" అన్నాను. పూళ్ల స్టేషను వచ్చేసరికి ఆయన వేరే పెట్టెలోకి మారిపోయారు.

తొమ్మిదికి ఏలూరు. పెసరట్టు తిన్నాను, అల్లప్పచ్చడి పలచన. తొమ్మిదీ నలభైకి బస్సు, పదకొండుకి రేవు. అక్కణ్ణుంచి దోనె. నీళ్ల మీద గుర్రపుడెక్క అడ్డం పడుతుంటే దోనె నడిపే వెంకన్న గెడ వేస్తూ అడిగాడు.

"మీ దేవుడు ఒక్కడా, ముగ్గురాండీ?"

"ఒక్కడే. కానీ ఒంటరివాడు కాదు."

"నయమేనండీ, లేకపోతే ఏం తోస్తుంది పాపం! ఇంతకీ ఎవరింటికండీ?"

"మా బావగారింటికి. మాకు మాటల్లేవు."

వెంకన్న ఎంత నవ్వాడంటే దోనె వెళ్లి కిక్కిస పొదలో దిగబడింది. అరగంట పట్టింది బయటపడ్డానికి.

పన్నెండున్నరకి ఇల్లు చేరాను. బావగారు గోడకేసి చూస్తున్నారు. నేనూ చూశాను, సున్నం పెచ్చులూడుతోంది. దారి పొడుగునా వల్లించుకున్న మాట పక్కనబెట్టి కాళ్లు కడుక్కున్నాను. రూతమ్మ మా ఇద్దరికీ పక్కపక్కనే పీటలు వేసి, చెరో తలకాయా వేసి కొరమేను పులుసు వడ్డించి, "అన్నయ్యా, ప్రార్థన చెయ్యి" అంది. మాలో వచ్చిన చుట్టమే భోజనం ముందు ప్రార్థన చెయ్యాలి. కళ్లు మూసుకున్నాను.

"పరలోకపు తండ్రీ, నిన్ను కరెంటు సామానుతో పోల్చు అజ్ఞానులను క్షమించుము."

నేను ఆమెన్ అనేలోగా పక్కనుంచి గొంతు లేచింది. "అవును ప్రభువా! బంధువును పిలిచి నలుగురిలో అవమానించిన గర్విష్ఠులను కూడా క్షమించుము."

"ప్రభువా, ఆ బంధువు పస్తు వెళ్లినందుకు నేనును ఆ పూట తినలేదని నీకు తెలియును."

"ప్రభువా, అది నాకెవరు చెప్పిరి?"

"ప్రభువా, అడిగిన గదా చెప్పుటకు!"

"ప్రభువా, నా కొత్త చెప్పులు సైతము అచ్చటనే ఉండిపోయెను."

"ప్రభువా, వాటికి ఏటేటా నూనె రాసి దాచియుంచితిని."

అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

"ఆమెన్!" అని అరిచింది రూతమ్మ. "దేవుణ్ణి మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడింది చాలు. పులుసు చల్లారిపోతోంది!"

కళ్లు తెరిచేసరికి నా కంచంలో చేప తలకాయ లేదు. గుమ్మం దగ్గర పిల్లి మూతి నాక్కుంటోంది. బావగారు అటు చూశారు, నన్ను చూశారు. తన కంచంలో తలకాయ తీసి నా అన్నం మీద పెట్టారు.

"తినండి బావా" అన్నారు.

రూతమ్మ లోపలికెళ్లి సంచీ సర్దడం మొదలుపెట్టింది.

కొల్లేరు వెళ్లదలచినవారికి ఒక్క మాట. దోనెలో నీడ ఉండదు, గొడుగు తప్పనిసరి. మూడింటికి ముగ్గురం దోనె ఎక్కాం. ఆరుంబావుకి ఏలూరులో రైలు. తండ్రీ కుమారుల ప్రేమ గురించి నేను నలభై ఏళ్లు చదివింది ఒక్కణ్ణీ గదిలో కూర్చునే. అందులో సగమైనా ఆ పీట మీద కూర్చున్నాకే తలకెక్కింది. ఆ మాటే చెప్తే బావగారు ఒప్పుకోలేదు. పరిశుద్ధాత్మను వదిలేశానని పట్టుకున్నారు. నేనూ గొంతు పెంచాను. రూతమ్మ మా మధ్య సంచీ మీద తల పెట్టి హాయిగా నిద్రపోతోంది.

భీమడోలులో ఎక్కినాయన, "ఏవండీ, పెద్దవాళ్లయ్యుండి ఏవిటండీ ఈ పోట్లాట?" అన్నాడు.

"పోట్లాట కాదండీ, మాట్లాడుకుంటున్నాం" అన్నారు బావగారు. "మీరు కాస్త అటు జరగండి, ఇంకా నాలుగేళ్లవి ఉన్నాయి."