మనుషులకు పుల్లరి లేదు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దాటితే హైదరాబాద్ అయిపోయినట్టే అనిపించేది. కానీ ఆ హద్దు ఊరుకునేది కాదు, ముందుకు జరుగుతూనే ఉండేది. మొన్న జొన్న చేను చూసిన చోట ఇవాళ సున్నం పూసిన రాళ్లు వరసగా నిలబడి ఉండేవి. రాళ్ల మధ్య ఎర్రమట్టి రోడ్లు, రోడ్డు మొదట్లో ఏదో ఒక నగర్ అని రాసిన రేకు బోర్డు. ఎల్‌బీ నగర్ అవతల ఉన్న మా అమ్మమ్మ పుట్టినింటి ఊరు కూడా అట్లాగే రాళ్లు మొలుస్తున్న ఊరే. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అమ్మమ్మ మాతోనే ఉండేది.

నాకు చదువు పిచ్చి. బడి పుస్తకాలు చాలేవి కావు. రోడ్డు అవతల ఉన్న చిన్న గ్రంథాలయంలో ఏది చేతికి దొరికితే అది చదివేదాన్ని. పశువుల రోగాల పుస్తకం చదివాను, పాత పంచాంగాలు చదివాను, చివరికి అట్టలూడిన ఉర్దూ వాచకం ఒకటి పట్టుకొని అక్షరాలూ అంకెలూ నా అంతట నేనే నేర్చుకున్నాను. బస్సుల మీద, దుకాణాల మీద ఉర్దూ రాతలు కూడబలుక్కుంటూ నడిచేదాన్ని. ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నానని అప్పుడు ఉన్న గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆ పెద్ద రోడ్డు నన్ను అమ్మమ్మే దాటించేది. మణికట్టు ఎంత గట్టిగా పట్టుకునేదంటే గాజులు చర్మంలోకి దిగేవి. ఒకరోజు నొప్పికి ఏడ్చి చెయ్యి విడిపించుకున్నాను. అమ్మమ్మ అక్కడే దుకాణం మెట్టు మీద కూలబడింది. అప్పుడు చెప్పింది.

కరువులో వాళ్ల నాయన కుటుంబాన్ని తీసుకొని నల్లగొండ వైపు నుంచి నడిచి వచ్చాడు. అమ్మమ్మకు అప్పుడు ఏడెనిమిదేళ్లు, చెల్లెలికి నాలుగో అయిదో. దారిలో చౌటుప్పల్ అంగడిలో చెల్లెలు తప్పిపోయింది. చెల్లెలి చెయ్యి పట్టుకోమని అమ్మమ్మకే అప్పగించారట.

"నేనే ఇడిసిపెట్టిన బిడ్డా. యాడ ఇడిసిన్నో ఎంత యాది చేసుకున్నా యాదికొస్తలేదు. మా నాయన ఒచ్చి, 'ఏదే చెల్లె? నీ చెయ్యే పట్టుకొని ఉండె గద' అన్నడు. గంతే. మల్ల ఒక్క మాట అన్లె నన్ను."

తిట్టలేదు, కొట్టలేదు. ఆ మంచితనమే ఆమెను జీవితాంతం తిన్నది. వాళ్లమ్మ ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఆ పాపం కూడా తనదే అనుకునేది అమ్మమ్మ.

ఇంట్లో మిగిలినవాళ్లకు ఆ వలస ఒక గొప్ప కథ. మా ముత్తాత ఆ ఊరి రాళ్ల నేలలో మొదటి సాలు తీసిన మనిషి. బావి తవ్వించిన మనిషి. దారిలో ఒక ఎద్దు చచ్చిపోతే ఉన్న ఒక్క ఎద్దుతో బాటసింగారం చేరి, అక్కడ ఒక రైతు దగ్గర పంటకాలమంతా పనిచేసి, కూలికి బదులు రెండో ఎద్దును సంపాదించాడని చెప్పేవారు. ఆ జతతోనే ఆ నేల సాగులోకి వచ్చింది. అమ్మమ్మ తమ్ముడు, మాకు చిన్న తాత, ఇక్కడికి వచ్చాక రెండో భార్యకు పుట్టినవాడు. ఆయన ఆ కథ చెబుతుంటే మీసం దానంతటదే లేచేది. నా చిన్నప్పటి ఆ రోజుల్లో ఆ భూమినంతా ప్లాట్లు చేస్తూ, కాలనీకి తండ్రి పేరే పెట్టాలని, ముందు కమాను మీద జత ఎడ్ల బొమ్మ వేయించాలని అనుకున్నాడు.

ప్లాట్ల రోడ్డు కోసం ముత్తాత ఉన్న పాత పెంకుటిల్లు విప్పుతుంటే వాసాల సందులో ఒక వెదురు గొట్టం దొరికింది. అందులో మడతలు పెట్టిన కాగితాలు, అన్నీ ఉర్దూలో. భూమి పత్రాలేమోనని చిన్న తాత ఆశపడ్డాడు. ఆయనకు ప్లాట్లు అమ్మిపెట్టే గుంటూరు మనిషి వాటిని ఎవరికో చూపించుకొని వచ్చి తేల్చేశాడు. "ఇవి భూమి కాగితాలు కాదండీ. పశువుల చీటీలంట. పొయ్యిలో పెట్టుకోండి." అందరూ నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. గొట్టాన్ని కొంగులో చుట్టుకొని మా ఇంటికి తెచ్చింది.

మా పక్కింట్లో ఒక రిటైరయిన బడిపంతులు ఉండేవాడు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. గల్లీ అంతా ఆయనను సార్ అనే పిలిచేది. ఆదివారం పొద్దున అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకొని ఆయన అరుగు మీదికి పోయింది.

"సారూ, జర సదువుండ్రి. మా నాయన గీ కాయితాలు పారెయ్యకుండ ఎందుకు దాసిండో ఎరుక కాలె. చౌటుప్పల్ అంగట్ల తప్పిపోయిన మా చెల్లె పేరేమన్న ఉన్నదేమో చూడుండ్రి."

సార్ కళ్లజోడు తుడుచుకొని ఒక్కొక్క కాగితం మోకాలి మీద సాపు చేశాడు. అవి పుల్లరి చీటీలు. పుల్లరి అంటే పశువులను బీడులో మేపుకున్నందుకు సర్కారుకు కట్టే పన్ను. మంద తోలుకొని పోయేవాళ్లు ఏ ఊళ్లో ఆగితే ఆ ఊళ్లో కట్టి చీటీ రాయించుకోవాలి, లేకపోతే పశువులను బందెలదొడ్డికి తోలుతారు. ఆ చీటీలను దారి వరసలో పేర్చి, వాళ్లు నడిచిన బాటంతా మా ముందు పరిచాడు సార్. పుస్తకాల్లో రాజుల దండయాత్రలు చదివాను కానీ, మా ఇంటివాళ్లు నడిచిన దారి కూడా కాగితం మీద ఉంటుందని నాకు తెలియదు.

చిట్యాల చీటీలో ఎద్దు ఒకటి, ఆవు ఒకటి, మేకలు కొన్ని. చౌటుప్పల్ చీటీలో కూడా ఎద్దు ఒకటే.

"మనుషుల పేర్లు?" అంది అమ్మమ్మ.

"మీ నాయన పేరొక్కటే ఉన్నదక్కా. మనుషులకు పుల్లరి లేదు గద. పన్ను ఉన్నదాన్నే రాస్తరు."

చౌటుప్పల్‌వి రెండు చీటీలు ఉన్నాయి. అంగడి అయిపోయాక ఇంకొన్నాళ్లు ఆగినందుకు మళ్లీ కట్టించుకున్నారని చెప్పి సార్ రెండో చీటీ ఎత్తాడు. చదువుతూ చదువుతూ ఒక్కక్షణం ఆగాడు. గొంతు సవరించుకొని, "ఎద్దు ఒకటి, ఆవు ఒకటి" అని తొందరగా అనేసి, దాన్ని మిగతావాటి కింద పెట్టబోయాడు.

నేను ఆయన భుజం పక్కనుంచి తొంగి చూస్తున్నాను. ఒకటి అంటే నిలువు గీత. రెండు అంటే ఆ గీతకు పైన చిన్న కొక్కెం ఉంటుంది. నాకు తెలిసిన విద్య చూపించుకునే సమయం వచ్చిందని సంబరంగా వేలు పెట్టాను.

"సార్, అది ఒకటి కాదు. రెండు!"

సార్ నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అందులో కోపం లేదు. దొరికిపోయిన మనిషి చూపు కూడా కాదు. అలసిపోయిన మనిషి చూపు. 'నీకేం తెలుసు, ఊకో' అంటే అయిపోయేది. నేను చిన్నపిల్లను, ఆయన బతుకంతా ఉర్దూ చెప్పినవాడు. అమ్మమ్మ ఆయన మాటే నమ్మేది, నేను కూడా నా కళ్లను నమ్మకుండా ఊరుకునేదాన్ని. ఆయన ఆ పని చేయలేదు. చీటీని మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బిడ్డ సరిగ్గనే చదివిందక్కా. నేనే తప్పు చెప్పిన. రెండు ఎడ్లు."

అమ్మమ్మ వంగి ఆ గీతనే చూసింది. బజారులో పాలవాడు సైకిల్ గంట కొట్టుకుంటూ పోయాడు. ఆ తర్వాత అడిగింది.

"చౌటుప్పల్లనేనా సారూ? బాటసింగారంల గాదా?"

"చౌటుప్పల్లనే. అంగడి నాటికి ఒకటి. అంగడి అయినంక రెండు."

"చేతుల పైస లేకుండె. గింజలు గూడ లేకుండె. మా అమ్మ పుస్తె గూడ అమ్ముకున్నం అప్పటికే. అసొంటి మనిషికి ఎద్దు యాడికెళ్లి ఒచ్చె సారూ?"

సార్ చౌటుప్పల్ చీటీలు రెండూ పక్కపక్కన పెట్టాడు. నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. అమ్మమ్మ ముఖం చూశాక మెల్లగా అర్థమయింది.

"గట్లయితే నేను ఇడిసిపెట్టలె" అంది అమ్మమ్మ. "నా చేతులకెల్లి గుంజుకున్నరు."

అట్లా అంటూ తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చీటీలన్నీ గొట్టంలో పెట్టమని నాకు చెప్పి, గోడ పట్టుకొని లేచింది.

కొన్నాళ్లకు చిన్న తాత కొత్త చీర పట్టుకొని వచ్చాడు. కాలనీ మొదలుపెట్టే రోజున ఇంటికి పెద్దదానిగా అక్కే వచ్చి కొబ్బరికాయ కొట్టాలని. అమ్మమ్మ చీర ముట్టుకోలేదు. కమాను మీద ఎడ్ల బొమ్మ పక్కన ఒక ఆడపిల్ల బొమ్మ కూడా వేయించమని అడిగింది. ఎందుకో చెప్పింది.

చిన్న తాత ముఖం ఎర్రబడింది. "నీకేమన్న పిచ్చి లేసిందానే అక్కా? మా నాయన దేవుడసొంటోడు!"

"దేవుడే రా. కాదన్ననా? నన్ను సాదిండు, నిన్ను కన్నడు. గా పిల్లను ఇచ్చి సాదిండు."

"చీటీల రాసి ఉన్నదా గట్ల? పిల్లనిచ్చి ఎద్దు తెచ్చుకున్నడని ఎవడన్న రాసిండా?"

"రాయలె. అందుకే నేను చెప్తున్న."

ఆయన చీర అక్కడే పడేసి పోయాడు. ముసలిదానికి మతి తప్పిందని ఊరంతా చెప్పుకున్నాడు. కమాను లేచింది, జత ఎడ్ల బొమ్మ పడింది, కొబ్బరికాయ వేరే ఎవరో కొట్టారు. మా అమ్మ కూడా అమ్మమ్మనే విసుక్కుంది. సచ్చినోళ్ల ముచ్చట తవ్వి బతికున్నోళ్లతో తగాదా ఎందుకని.

సార్ మాత్రం ఒక అంగడి రోజు మమ్మల్ని ఎల్‌బీ నగర్ నుంచి బస్సులో చౌటుప్పల్ తీసుకుపోయాడు. అక్కడ ఆరా తీస్తే, పెద్ద దొరల ఇళ్లలో పనిచేసి ముసలిదైపోయిన ఒకామెను చూపించారు. కరువుల్లో అట్లా పిల్లలు చాలామంది వచ్చేవాళ్లని ఆమె చెప్పింది. దొర ఇంట్లో వాళ్ల పేర్లు మార్చేవారట. దొరబిడ్డకు పెళ్లయితే సామానుతో పాటు వాళ్లను కూడా అత్తగారింటికి పంపేవారట. "మా అమ్మ ఎవలో నాకే ఎరుక లేదు, నీ చెల్లెను ఎట్ల చెప్పాలె అక్కా?" అంది. వాళ్లను ఆడబాపలు అనేవారని నేను తర్వాత ఎన్నో ఏళ్లకు ఒక పుస్తకంలో చదివాను. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేశాను.

తిరుగు బస్సులో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చొని బీడు భూములు చూస్తూ వచ్చింది. సార్ మెల్లగా నాతో అన్నాడు. "మీ అమ్మమ్మకు నాయన మిగలాలని ఒకటి అని చదివిన బిడ్డా. ఆమె నెత్తి మీద ఏం బరువున్నదో నాకు ఎరుక లేకుండె. ఎరుక లేనోడు దయ చూపెడితే గిట్లనే అయితది."

అమ్మమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నిజం తెలిసి ఆమె మనసు తేలికపడిందని రాయాలని నాకూ ఉంది. కానీ నేను చూసింది అది కాదు. అంతకుముందు ఆమెకు ఒక పాపం ఉండేది, ఒక మంచి తండ్రి ఉండేవాడు. ఆ ఆదివారం తర్వాత రెండూ లేవు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అంతవరకూ చెల్లెలి మాట గుటకలు మింగుతూ చెప్పేది. ఆఖరి రోజుల్లో మామూలుగా చెప్పేది. చెల్లెలు చింతచిగురు దొంగతనంగా తినేదని, అక్క లంగా అంచు పట్టుకొని నడిచేదని, పాట పాడమంటే సిగ్గుపడేదని.

సార్ ఆ రోజు నన్ను తప్పని కొట్టివేయకపోవడం నాకు దొరికిన పెద్ద చదువు. అది సుఖమైన చదువు కాదు. ఏ పాత కాగితం చేతికి వచ్చినా అందులో రాసినవి చదివి ఊరుకోలేను. ఎడ్లూ, ఆవులూ, మేకలూ ఉన్నాయి సరే, వాటి వెంట నడిచినవాళ్లు ఎవరు, ఎవరికి పన్ను లేదు అని వెతకడం అలవాటైపోయింది.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. చిన్న తాత మనవళ్లు వంశవృక్షం అచ్చు వేయిస్తామని ఈమధ్య నా దగ్గరికి వచ్చారు, పాత సంగతులు చదివినదాన్నని. మా ముత్తాతకు సంతానం ఎంతమంది అని అడిగారు. ముగ్గురు అన్నాను. ఇద్దరే కదా అక్కా, మా తాతా, మీ అమ్మమ్మా అని వాళ్లలో చిన్నవాడు నవ్వుతూ సవరించాడు. రాసుకో నాయనా, ముగ్గురు అన్నాను. ఆ మూడో బిడ్డ పేరు అడిగాడు. చెప్పాను. అతను కలం పట్టుకొని ఆగాడు. అతను రాసేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.