అవ్వ అనేది జబ్బు కాదన్న డాక్టరమ్మ

పోయిన ఆదివారం పొద్దున మా మనవరాలు ఫోను చేసి, మాట రాక ఏడ్చింది. ఆ ఏడుపు విని, పోయింది నేనేనేమోనని ఒక్క క్షణం చెయ్యి గిల్లి చూసుకున్నాను. నేను కాదు. ఆ పిల్ల పనిచేసే ఆసుపత్రిలో అత్యవసర విభాగానికి పెద్దగా ఉన్న డాక్టరమ్మ. కాఫీ తాగుతూ కుర్చీలోనే వాలిపోయిందట. వయసులో నాకన్నా చాలా చిన్నది. చివరికి ఇందులో కూడా నన్ను దాటేసింది.

ఆవిడ యానాం నుంచి వచ్చిన మనిషి. మాది తరాల కిందటే పుదుచ్చేరిలో పాతుకుపోయిన కుటుంబం. మా ఇంటి తెలుగులో సగం అరవమే. మా మనవరాలిని, వాళ్ళమ్మ ఉద్యోగానికి పోతుంటే, పెంచింది నేను. తెలుగు అక్షరాలు దిద్దించింది నేను. అలాంటిది, ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన కొన్నాళ్ళకే ఆ పిల్ల దగ్గర నా మాట చెల్లకుండా పోయింది.

"దగ్గుకు మిరియాల రసం తాగవే" అంటే, "రుజువేంది అవ్వా?" అనేది. "రుజువు అడగమని ఎవరు నేర్పినారు నీకు?" అంటే, "మా మేడమ్ అండి" అనేది.

అండి! మా వంశంలో ఎవరి నోటా రాని అండి. అసూయ అంటారా? అనండి. నాకేం మొహమాటం లేదు.

ఆ విభాగంలో ఒక కంప్యూటర్ పద్ధతి ఉంది. జ్వరంతో వచ్చిన రోగి వివరాలూ పరీక్షల ఫలితాలూ ఎక్కిస్తే, యాంటీబయాటిక్ కావాలో వద్దో, కావాలంటే ఏది, ఎంత మోతాదో తెర మీద సలహా వస్తుంది. దాన్ని కాదని వేరే మందు రాయాలంటే డాక్టరు కారణం టైపు చెయ్యాలి. ఆ కారణాలన్నిటినీ ఆవిడ పొద్దున టీ తాగుతూ కుర్ర డాక్టర్ల చేతనే పైకి చదివించేది. "అక్కర్లేని చోట పెద్ద మందు వాడితే, అక్కరపడ్డ రోజున అది పలకదండీ" అనేదట. ఆ మాట మా భోజనాల బల్ల దగ్గర ఎన్నిసార్లు విన్నానో, నిద్రలో అడిగినా అప్పజెప్పగలను.

అలాగని తెర చెప్పిందల్లా వినే మనిషి కూడా కాదు. వీరాంపట్టినం నుంచి చేపలు పట్టే అతనొకడు కాలి మీద చిన్న గాటుతో వచ్చాడు. తెర మామూలు మాత్ర చాలంది. ఆవిడ అతని కాలు చూసి, ముఖం చూసి, పెద్ద ఇంజెక్షన్ పెట్టించి సర్జన్‌ను పిలిపించింది. కారణం దగ్గర "గాయం కన్నా నొప్పి పెద్దది" అని కొట్టింది. సముద్రపు నీళ్ళలోని పాడు క్రిమి లోపలికి పాకుతోందట. కాలు దక్కింది.

"ఎట్లా రాసిందో చూడు అవ్వా!" అని మా పిల్ల మురిసిపోయింది. కాలేజీలో ఏళ్ళ తరబడి వృక్షశాస్త్రం పాఠం చెప్పాను. నా వాక్యం ఒక్కటి కూడా ఆ పిల్ల అలా చెప్పుకోగా నేను వినలేదు.

పోయిన వానల్లో నాకు జ్వరం, దగ్గు. ముదలియార్‌పేటలోని మా ఇంటి నుంచి ఆటోలో ఆ ఆసుపత్రికే తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్నది మా పిల్లే. రక్తపరీక్ష, ఎక్స్‌రే అయ్యాయి. తెర యాంటీబయాటిక్ అవసరం కనిపించడం లేదంది, గమనిస్తూ ఉండమంది. మా పిల్ల వినలేదు. బలమైన ఇంజెక్షన్ రాసి, కారణం దగ్గర రెండే మాటలు కొట్టింది: మా అవ్వ.

నర్సు సూది సిద్ధం చేస్తుండగా డాక్టరమ్మ వచ్చి తెర చదివింది.

"ఏమ్మా డాక్టరూ, అవ్వ అనేది జబ్బు కాదు కదా?"

"మేడమ్, భయంగా ఉంది."

"భయం నీకు. మందు ఆవిడకా?"

నాకు ఒళ్ళు మండింది. "ఏందమ్మా, నేను ఒక సూదికి కూడా తగనా?" అన్నాను.

"మామ్మగారండీ, ఆ సూదిని మీకోసమే దాస్తున్నానండీ. నిజంగా కావలసిన రోజున పనిచెయ్యాలి కదండీ."

"దాచుకోడానికి అదేమన్నా నగా?"

"నగైతే మళ్ళీ చేయించుకోవచ్చండీ."

సూది కోసం పైకి మడిచిన జాకెట్టు చెయ్యి కిందికి దించుకున్నాను. మాటలో ఓడడం నాకు మామూలుగా జరిగే పని కాదు.

ఇంజెక్షన్ ఆపించింది. సొంత మనిషికి వైద్యం చెయ్యకూడదని మా పిల్లను పక్కకు పంపి, నన్ను తానే చూసుకుంది. సాయంత్రం మళ్ళీ వచ్చి, నా దుప్పటి సర్దుతూ చెవి దగ్గరకు వంగింది. "ఇంతమంది పిల్లలు రాసిన కారణాలు చదివానండీ. తప్పు కారణాల్లో ఇంత మంచిది చూడలేదు. మీరంటే నాకు కుళ్ళండీ, మామ్మగారూ."

జ్వరం సూది లేకుండానే దిగిపోయింది. అందుకు ఆవిడకు నేను రుణపడి ఉన్నాను. నా మీద కుళ్ళుకున్నందుకు ఇంకా ఎక్కువ.

దహనం అయ్యాక మా పిల్ల నేరుగా నా దగ్గరకే వచ్చింది. తల తడిగానే తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇంకొకరి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపు ఓర్చుకున్నాను.

"నేను పోతే ఇంత ఏడుస్తావా?"

"గమ్మునుండు అవ్వా" అంది, తల ఎత్తకుండానే.

ఏడుస్తూనే ఆ పిల్ల వేళ్ళు తడుముకుంటూ వచ్చి నా మణికట్టు మీద ఆగాయి. నాడి చూస్తోంది. ఆ పట్టు ఎవరు నేర్పారో నాకు తెలుసు. అయినా చెయ్యి లాక్కోలేదు. లెక్క తప్పుతుందేమోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ, అలాగే కూర్చున్నాను.