మంచినీళ్లు అడిగితే

గుంటూరు శివార్లలో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న కల్లంలో ఆడవాళ్లు మిరపకాయలకు ముచ్చికలు, అంటే తొడిమలు, తుంచేవాళ్లు. విదేశీ డబ్బుతో నడిచే ఒక సంస్థ కోసం రెండేళ్లు వాళ్ల మధ్య తిరిగి సర్వేలు రాశాను. మీకేం కావాలని అడిగితే నలభై మందీ ఒకే మాట చెప్పారు, మంచినీళ్లని. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందట. అదే రాసి పంపాను. ఆరు నెలలకు గ్లౌజులు వచ్చాయి.

మందపాటి రబ్బరువి. వాటితో ముచ్చిక వేళ్లకు దొరకదు. కూలేమో కిలోల లెక్కన. మొదటి రోజే తీసి అవతల పడేశారు. మళ్లీ రాశాను. వాళ్లకు అలవాటు చేయించమని జవాబొచ్చింది.

ఆ ఎండాకాలం సంస్థ తరఫున ఒక విదేశీ మేడం వచ్చింది. ఫొటో కోసం ఆవిడతో వచ్చినవాళ్లు అందరినీ గ్లౌజులు వేసుకోమన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇవి వేసుకుని మీరే తుంచి చూడండి అని మేడంతో అన్నాను. మంచి మనిషే, వెంటనే కింద కూర్చుంది. నాలుగు కాయలకే విసిగి గ్లౌజులు తీసేసి ఉత్త చేతులతో తుంచింది. కాసేపటికి చెమట పట్టి, మర్చిపోయి అదే చేత్తో కన్ను తుడుచుకుంది.

ఆవిడ కేకకు కల్లంలో అందరికన్నా పెద్దామె పరిగెత్తుకొచ్చింది. తన సీసా, పక్కవాళ్ల సీసాలు మొత్తం ఆ కంట్లోనే పోసింది. అప్పటికి టైము పదిన్నర. ఇక సాయంత్రం దాకా వీళ్లకు చుక్క నీరు లేదని ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పాను. ఆవిడ ఎర్రబడ్డ కన్నుతో తలూపి రాసుకుంది.

రెండు నెలలకు కళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ అద్దాలు వచ్చాయి.

పెద్దామె పెట్టెలోకి చూసింది. మర్నాడు ఆడవాళ్లందరినీ తీసుకెళ్లి గేటు ముందు కూర్చుంది. లారీలు ఆగిపోయాయి. కల్లం యజమాని వచ్చి అరిచాడు.

"మంచినీళ్ల పంపు పెట్టిందాకా ఒక్క కాయ ముట్టుకోమండి," అందామె.

మూడో రోజుకు పంపు పెట్టించాడు.

ఏడాది చివర సంస్థ నివేదికను తెలుగులోకి మార్చమని నాకు పంపారు. అందులో ఆ పంపు ఫొటో ఉంది, తమ కృషి ఫలితమని దాని కింద రాశారు. ఆ కోపంలోనే వెళ్లి పెద్దామెకు చూపించాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

"రాసుకోనీ అమ్మాయ్. పాపం, ఆళ్లు కూడా పైవాళ్లకి ఏదో ఒకటి చూపించుకోవాలిగా."

ఆమెకున్న ఓపిక నాకు లేదు. నెలాఖరుకి ఉద్యోగం మానేశాను.