రేపు మాస్టారి టెలిస్కోప్

మా ఆయన దర్జీ. వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. మొదట్లో "మాస్టారు" అనేవాళ్లు, పోనుపోను "రేపు మాస్టారు" అయి కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతిలోంచి చెప్పిన రోజుకి బయటపడిన బట్ట ఒక్కటే ఉంది. అది మా పెళ్లినాడు ఆయన వేసుకున్న కోటు. దానికీ ఒక చేతి అంచు టాకాల మీదే ఉంది, ఫోటోలో చక్కగా కనిపిస్తుంది.

పనితనానికి మాత్రం వంక పెట్టలేరు. ఆయన కుట్టిన కోటు వేసుకుంటే ఉద్యోగం ఊడినవాడు కూడా మేనేజరులా కనిపిస్తాడు. అందుకే జనం తిట్టుకుంటూనే చెప్పులరిగేలా తిరుగుతారు. మా ముందుగదే షాపు. కిటికీ కింద ఒక బెంచీ, దానికెదురుగా కత్తిరించే బల్ల, మూలన రెండు మిషన్లు. అంచులు మడవడం, కాజాలు కుట్టడం నా పని. బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు మొహం మాడ్చుకుని కూర్చుని ఉంటారు.

వాళ్లకి మా ఆయన చెప్పే మాటలకి అర్థాలు వేరు. "ఇస్త్రీ ఒక్కటే మిగిలింది" అంటే గుడ్డ ఇంకా కత్తిరించలేదు. "గుండీలు మాత్రమే మిగిలాయి" అంటే ఇంకా కుడుతున్నాడు. "మీదే చేతిలో ఉంది" అంటే ఆ గుడ్డ ఎక్కడ పెట్టాడో గుర్తు లేదు. నాకీ విద్య అబ్బలేదు. ఎవరైనా అడిగితే "ఇంకా మూట కూడా విప్పలేదండీ" అని ఉన్నమాట అనేస్తాను. అందుకని కస్టమర్ గుమ్మం ఎక్కగానే "నువ్వు లోపలికెళ్లి టీ పెట్టు" అంటాడు. పాలు లేకపోయినా సరే, వెళ్లి పొయ్యి దగ్గర నిలబడాలి.

అలాగని కస్టమర్లేమీ తక్కువ తినలేదు. ఒకడు ప్యాంటు తొందరగా కావాలని వాళ్ల నాన్నని చంపేశాడు. ఏడాది తర్వాత ఇంకో ప్యాంటుకి మళ్లీ చంపాడు. మూడోసారి ఆ నాన్నే స్వయంగా కొలతలివ్వడానికి వచ్చి, ఈయన చేత నమస్కారం పెట్టించుకున్నాడు. ఇలాంటివి చూసీ చూసీ మా ఆయన మనసు రాయి చేసుకున్నాడు. "రేపు పొద్దున్నే ఆపరేషన్ మాస్టారూ" అని కన్నీళ్లు పెట్టుకున్నా, నిమ్మకు నీరెత్తినట్టు "అలాగే, రేపు రండి" అంటాడు.

ఇలాంటి మనిషికి ఆకాశం పిచ్చి పట్టిందంటే అదీ షాపు చలవే. పదేళ్ల కిందట ఒక సైన్సు టీచరమ్మ కోటు కోసం ఏడుసార్లు తిరిగింది. ఎనిమిదోసారి స్కూలు నుంచి చిన్న టెలిస్కోపు పట్టుకొచ్చి, "ఎలాగూ మీరు చీకటి పడేదాకా కూర్చోబెడతారు, ఈలోగా మీ పెరట్లో చందమామని చూసుకుంటాను" అంది. మర్యాదకి ఈయన కూడా ఒకసారి కన్ను ఆనించాడు. అంతే, ఆవిడ కోటు ఇంకో నెల ఆలస్యమైంది.

ఆ తర్వాత తనే ఒక చిన్న గొట్టం కొనుక్కున్నాడు. పెరట్లో నేను బట్టలారేసుకునే తీగ ఆకాశానికి అడ్డమని తీసేశాడు. అప్పటినుంచీ మా ఇంట్లో తడి దుప్పట్లు కుర్చీల మీద ఆరుతున్నాయి. పక్క వీధిలో ఉండే మా ఆడపడుచు, అంటే ఆయన అక్క, వచ్చి చూసి బుగ్గలు నొక్కుకుంది. "శనిని వదిలించుకోలేక జనం నానా తంటాలు పడుతుంటే, నువ్వు గొట్టం పెట్టి మరీ వెతుక్కుంటున్నావేంట్రా" అంది. ఈయన చెవిన పెడితే కదా.

శని, చందమామ కాదట ఆయనకి అసలు కావలసింది. గెలాక్సీలట. "దూది పింజంత మసక ఉంటుందే. సూటిగా చూస్తే మాయమైపోతుంది. కాస్త పక్కకి చూస్తే కంటి కొసకి చిక్కుతుంది" అని నాకు చెప్పేవాడు. అవి చిన్న గొట్టంలో సరిగ్గా అందవు, పెద్ద అద్దంతో ప్రత్యేకంగా చేయించుకోవాలి. ఎప్పటికైనా చేయించుకుంటానని పదేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఎప్పుడండీ అంటే నాకూ రేపే చెప్పేవాడు.

పోయిన ఏడాది సూదిలో దారం ఎక్కడం లేదని కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. చత్వారం అనుకున్నాం. డాక్టరమ్మ ఆయన్ని ఒక పెట్టెలోకి చూడమని, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమంది. తర్వాత ఒక కాగితం తీసి చూపించింది. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల దగ్గర చచ్చిపోతోందట. కాగితం మీద నలుపు నాలుగు వైపుల నుంచీ మధ్యకి కమ్ముకొస్తున్నట్టు ఉంది. "చుక్కల మందు మానకుండా వేయండి. ఎదురుగా ఉన్నది చాలాకాలం కనిపిస్తుంది. పక్క చూపు మాత్రం ఏడాదికి మించి నిలుస్తుందని చెప్పలేను" అంది. ఆయన "పక్క చూపా?" అని ఒక్కసారి అడిగాడు.

మర్నాడే పెద్ద టెలిస్కోపుకి ఆర్డరిచ్చాడు. జన్మలో వాయిదా వేయకుండా ఆయన చేసిన మొదటి పని అదే.

చేసే మనిషి బస్సులో రెండు గంటల దూరంలో ఉంటాడు. గాజు చేత్తో అరగదీసి, పెట్టె తనే బిగించి, ఎవరికి ఎలా కావాలో అలా కట్టి ఇస్తాడు. మేం అద్దాలాయన అనేవాళ్లం. పదహారంగుళాల అద్దం, ఆరు నెలల గడువు. మా ఆయన తిరిగొచ్చి తెగ మెచ్చుకున్నాడు. "పనివాడే. గాజు మీద వేలు ఆనించిన తీరు చూస్తేనే తెలిసిపోయింది" అన్నాడు. కళ్ల సంగతి చెప్పారా అని అడిగితే, కుర్చీ మీద ఆరుతున్న దుప్పటిని సర్దడం మొదలుపెట్టాడు.

ఆరు నెలలు ఒక్కసారి ఫోన్ చేయలేదు. నేను పోరితే, "చేతిపని చేసేవాణ్ని వెంటపడి పోరకూడదే. నన్ను పోరితే నాకెలా ఉంటుందో నాకు తెలుసు" అన్నాడు. ఇంత గౌరవం ఒక దర్జీకి తప్ప ఎవరికి పుడుతుంది? ఏడో నెలలో నేనే నంబరు నొక్కి ఫోను చేతిలో పెట్టాను.

అవతలి గొంతు ఎంతో మర్యాదగా పలికింది. "అయిపోయినట్టే అండీ. పెట్టెకి వార్నిష్ ఒక్కటే మిగిలింది."

ఆయన ఫోను బల్ల మీద పెట్టేసి స్టూలు మీద కూలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందండీ?"

"ఇంకా మొదలే పెట్టలేదే."

"వార్నిష్ ఒక్కటే అన్నాడు కదా."

"అందుకే చెబుతున్నాను."

నిజం చెప్పొద్దూ, నాకు ముందు నవ్వే వచ్చింది. ముప్ఫై ఏళ్లుగా నేను టీ వంకతో వంటింట్లో నిలబడి విన్న మాటలే అవి. కానీ ఆయన మొహం చూశాక నవ్వు లోపలే ఆగిపోయింది. "పోనీ ఇప్పుడైనా కళ్ల సంగతి చెప్పండి" అన్నాను.

"ఎవడు నమ్ముతాడే? నా కళ్లు పోతున్నాయి, తొందరగా కుట్టివ్వండి అని ఎవరైనా వస్తే నేనేం చేస్తాను? లోపల నవ్వుకుని రేపు రమ్మంటాను. వాడూ అంతే."

"డాక్టరు కాగితం చూపించండి."

"కాగితం పట్టుకెళ్లి, నేను అబద్ధం చెప్పడం లేదు బాబూ అని సాటి పనివాడి ముందు నిలబడమంటావా? అది మాత్రం నా వల్ల కాదు."

ససేమిరా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధం చెప్పడానికి ఏనాడూ సిగ్గుపడని మనిషి నిజం చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు.

ఈలోగా సంగతి వీధంతా పాకింది. రేపు మాస్టారికే ఎవడో రేపు అంటున్నాడని తెలిసేసరికి మా బెంచీకి కళ వచ్చింది. కుట్టించుకునే పని లేనివాళ్లు కూడా గుమ్మం ఎక్కి, "మాస్టారూ, టెలిస్కోపు వచ్చిందా?" అని ఆప్యాయంగా పరామర్శించేవారు. "వస్తుంది, రేపు" అనేవాడు పాపం, తల ఎత్తకుండా. ఒకాయన వెళుతూ వెళుతూ తన చొక్కాకి తొందరేం లేదని కూడా చెప్పాడు. అంత సంతోషం ఆ మనిషి మొహంలో నేనెన్నడూ చూడలేదు.

ఎనిమిదో నెల గడిచింది, తొమ్మిదో నెల వచ్చింది. తలుపు రెక్క ఆయన భుజానికి కొట్టుకోవడం మొదలైంది. బల్ల అంచున పెట్టిన గ్లాసు మోచెయ్యి తగిలి పడేది. ఒకరోజు నేను ఆయన ఎడమ పక్కనే టీ పట్టుకుని నిలబడి ఉంటే, "టీ ఏదే?" అని వంటింటి వైపు కేకేశాడు. నేను గ్లాసు ఆయన ఎదురుగా పెట్టాను. మర్నాడు పొద్దున్న బీరువాలోంచి డాక్టరు కాగితం తీసి సంచిలో పెట్టుకున్నాను.

"ఎక్కడికే?"

"అద్దాలాయన దగ్గరికి."

"నా పరువు తీస్తావా?"

"మీ పరువు మీరే ఉంచుకోండి. నేను మీ కళ్ల కోసం వెళ్తున్నాను."

అద్దాలాయన షాపు రేకుల షెడ్డు. మధ్యలో నడుమెత్తు పీపా, దాని మీద గాజు బిళ్ల, చుట్టూ గాజు అరగదీసే పొడుల డబ్బాలు. నాకు ముందు కనబడింది మాత్రం కిటికీ కింద బెంచీ. దాని మీద ముగ్గురు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. సొంతింటికి వచ్చినట్టే అనిపించింది. నేనెవరో చెప్పగానే ఆయన, "ఆ, మీదే చేతిలో ఉందమ్మా" అన్నాడు.

"మా ఆయనకి చూపు పోతోందండీ" అన్నాను.

"అయ్యో పాపం" అన్నాడు, చేతికంటిన తెల్లటి బురద కడుక్కుంటూ. "పోయిన నెల ఒకాయన కూడా చూపు పోతోందని ఇక్కడే ఏడ్చాడు. టెలిస్కోపు అందగానే కారు తనే నడుపుకుంటూ వెళ్లాడు." బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను కాగితం తీసి పీపా మీద పరిచాను. ఆయన చెయ్యి తుడుచుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇదెప్పటిదమ్మా?" అన్నాడు. తొమ్మిది నెలల కిందటిదన్నాను. లోపలికెళ్లి ఒక చెక్క పెట్టె మోసుకొచ్చాడు. మేకులు కూడా ఊడదీయలేదు. మూత తెరిస్తే గడ్డిలో పీటంత గాజు బిళ్ల, వచ్చింది వచ్చినట్టే పడుకుని ఉంది.

నేను వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. దర్జీ పెళ్లాన్ని, ఎవరి బట్టకి ముందు మోక్షం వస్తుందో నాకు తెలియదా? రోజు విడిచి రోజు బస్సెక్కి, కాజాలు కుట్టాల్సిన చొక్కాలు మూట కట్టుకుని వెళ్లేదాన్ని. ఆయన పీపా చుట్టూ తిరుగుతూ గాజు మీద గాజు రుద్దేవాడు. "ఇన్నిసార్లు రానక్కర్లేదమ్మా" అన్నాడొకసారి. "నేను లేస్తే మీరూ లేస్తారండీ" అన్నాను. విచిత్రం ఏమిటంటే, ఆ రెండు నెలలూ మా షాపులో కాజాలు చెప్పిన రోజుకే అయ్యాయి.

పదకొండో నెల చివర అద్దాలాయనే వ్యానులో టెలిస్కోపు తెచ్చి పెరట్లో నిలబెట్టాడు. మా ఆడపడుచు చుట్టూ తిరిగి, "ఇది చూడ్డానికా, కాపురం ఉండడానికా?" అంది. మా ఆయన పెట్టె అతుకుల మీద వేలితో రాసి చూశాడు, తల ఊపాడు. సాయంత్రం కోసం కాచుకుని కూర్చున్నాడు.

చీకటి పడగానే ముందు శనిని చూపించాడు అద్దాలాయన. మా ఆయన కన్ను ఆనించి "అబ్బ" అన్నాడు. ఉంగరం గీత గీసినట్టుందన్నాడు, దాని పక్కన నీడ కూడా చెప్పాడు. ఎదురుగా ఉన్నది కాబట్టి కనిపించింది. నాకు కాస్త ఊపిరి వచ్చింది. తర్వాత అద్దాలాయన గొట్టం ఇంకోవైపు తిప్పి, తను చూసుకుని, పక్కకి జరిగాడు. "గెలాక్సీ అండీ. సూటిగా కాదు, కాస్త పక్కకి చూడండి."

మా ఆయన పక్కకి చూశాడు. రెండో పక్కకి చూశాడు. కన్ను తీసి తుడుచుకుని మళ్లీ ఆనించాడు. మేం ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. అద్దాలాయన మధ్యలో ఒకసారి వంగి చూసి, "అక్కడే ఉందండీ" అన్నాడు మెల్లగా.

"ఉండే ఉంటుంది. నాకే పక్క లేదు" అన్నాడు మా ఆయన.

అద్దాలాయన, "ఆర్డరిచ్చిన రోజే ఒక్క మాట చెప్పాల్సింది కదండీ" అన్నాడు.

"చెబితే నమ్మేవాడివా?"

అద్దాలాయన తలొంచుకున్నాడు. "నమ్మేవాణ్ని కాదండీ."

మా ఆయనకి కోపం రాలేదు. నాకు మాత్రం ఇద్దర్నీ ఆ పీపాకి కట్టేసి రుద్దాలన్నంత కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతలో ఆయన నా చెయ్యి పట్టుకుని గొట్టం దగ్గరికి లాగాడు. "నువ్వు చూసి చెప్పవే."

చూశాను. పక్కకి చూడగానే చిక్కింది. "దూది పింజలాగే ఉందండీ, ఒకవైపు సాగింది" అన్నాను.

"మధ్యలో చిక్కగా ఉందా?"

"ఉంది."

"దాని పక్కన ఇంకోటి ఉండాలి, చిన్నది, అంటుకున్నట్టు. కనిపిస్తోందా?"

అప్పటికే నా కళ్ల నిండా నీళ్లు. గొట్టంలో మసక తప్ప ఏమీ లేదు.

"కనిపిస్తోందండీ" అన్నాను.