సగం లాగిన తొడుగు

మా తోడికోడలు పోయింది. మంగళవారం పొద్దున పెద్దాస్పత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి మా బావగారు పక్కింటికి ఫోన్ చేశారు. గుండె ఆగిపోయిందని చెప్పి పెట్టేశారు. చేతిలో ఉన్న తీగ కింద పెట్టకుండానే నేను రోడ్డు మీదికి పరిగెత్తానట. నాకైతే గుర్తులేదు.

నల్లపాడులో మా ముందు గదిలో ఆమె, నేను ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుని ఏళ్ల తరబడి పనిచేశాం. వరసగా పత్తి పోయి మగవాళ్లిద్దరూ కౌలు వదిలేశాక, ఈ పని వెతికి తెచ్చింది ఆమే. మిర్చి బస్తాలు పెట్టే కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో చూపించే సెన్సర్ల తీగలు అవి. చివర టెఫ్లాన్ అనే నున్నటి ప్లాస్టిక్ తొడుగు ఒలిచి, లోపలి సన్నటి పోగులు మెలిపెట్టి సోల్డరింగ్ చేసి ఇవ్వాలి. చెప్పడానికి ఇంతే. మామూలు వైరులా పంటితో లాగితే టెఫ్లాన్ జారిపోతుంది. బ్లేడుతో గీస్తే తొడుగుతోపాటు పోగులూ తెగుతాయి.

మొదట్లో మాకు తోచిన ఉపాయం కాల్చడం. వానలకి తలుపులు మూసి, కిరసనాయిలు స్టవ్ మంట మీద తొడుగులు కాల్చాం. సాయంత్రానికి ఇద్దరికీ దగ్గు, ఛాతీ పట్టేయడం, వణుకుతో జ్వరం. మలేరియా అనుకున్నాం. మర్నాటికి తగ్గింది. మళ్లీ కాల్చాం, మళ్లీ వచ్చింది. అప్పుడామె దుప్పట్లోంచే అంది: "ఇంట్లో ఇంతమంది ఉంటే ఆ దోమ మనిద్దర్నే, అదీ పనిచేసిన రోజే కుడుతుందంటే నేన్నమ్మనే."

జ్వరం తగ్గగానే నన్ను ఆటోలో బ్రాడీపేట తీసుకెళ్లింది. సంచిలో తీగ ముక్కలు, మా అత్తగారి కళ్లజోడు. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టాయన మేం కాల్చామని వినగానే తిట్టాడు. ఆ పొగ విషమట, మూసిన గదిలో మరీ ప్రమాదమట. తిట్టి, తొడుగు ఒలిచే స్ట్రిప్పర్లు మూడు రకాలు బల్లమీద పెట్టాడు. మర తిప్పి సర్దుకునేది ఒకటి. పళ్లతో పట్టి లాగేది ఒకటి. తీగ లావుని బట్టి వేరువేరు బెజ్జాలున్నది ఇంకొకటి. ఆమె ఒక్కొక్కదానితో ఒక్కో ముక్క ఒలిచి, అత్తగారి కళ్లజోడు పెట్టుకుని, వెలుగులో పోగులు పరీక్షగా చూసింది. వెనక జనం పోగయ్యారు. తొడుగు ఊడింది కదా, ఇంకా ఏం చూస్తావమ్మా అని కొట్టాయన విసుక్కున్నాడు.

"ఊడిందండీ. పోగు మీద గీత కూడా పడింది. అది ఇవాళ తెగదు. బస్తాలు లోపల పెట్టాక, ఆ చలికి తెగుద్ది. ఆ బస్తాలు మాలాంటోళ్లవే."

బెజ్జాలున్నదే తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో తొడుగు కాల్చలేదు.

ఆమె పెద్ద బెజ్జంతో మొదలుపెట్టి, ఊడకపోతేనే చిన్నదానికి వెళ్లేది. తొడుగు మొత్తం తీసేది కాదు. నేను ఒకసారి ముచ్చటపడి పూర్తిగా లాగితే పోగులన్నీ విచ్చుకున్నాయి. "మొత్తం లాగమాక. సగం లాగి వదిలెయ్. పోగులకి అదే కాపలా," అంది. ఆమె సగం లాగి బల్లమీదుగా నా వైపు జరిపేది. నేను మిగతా సగం లాగి, మెలిపెట్టి, సోల్డరింగ్ చేసేదాన్ని. స్ట్రిప్పర్ నా చేతికి వచ్చిన రోజులు తక్కువ.

ఇంత జాగ్రత్త మనిషి, మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని మాత్రం గ్యాసని సోడా తాగి ఊరుకుంది. నేను బతిమాలాను, అరిచాను. వినలేదు. అందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కోపంగా ఉంది.

మాకు తీగలిచ్చే కంపెనీ అతను పరామర్శకి వచ్చి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ఈ వారం సరుకు అందకపోతే పని తాడేపల్లి వాళ్లకి ఇవ్వాల్సి వస్తుందన్నాడు. అతన్ని తప్పు పట్టను. కానీ ఆమె పిల్లలూ నా పిల్లలూ తినేది ఈ బల్ల మీద నుంచే. నాకు భయంగా ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

నిన్న కిటికీ దగ్గర ఆమె కుర్చీలో కూర్చున్నాను, వెలుతురు అక్కడే ఉంటుంది కాబట్టి. ఆమె సగం లాగి ఉంచిన తీగలు ముందుగా పూర్తిచేశాను. తరవాత స్ట్రిప్పర్ పట్టుకున్నాను. తొందరలో చిన్న బెజ్జంలోనే పెట్టి లాగాను. మొదటి తీగలో పోగులు తెగాయి. రెండోదీ అంతే. బల్లమీద తల పెట్టి, అక్కా, నన్నిలా వదిలి పోతావా అని గట్టిగా ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, పెద్ద బెజ్జంతో మొదలుపెట్టాను. ఒకటి కుదిరింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే ఏ పోగు మీదా గీత లేదు. ఆమె చెప్పినట్టే తొడుగు సగం లాగి, బల్లమీదుగా అవతలికి జరిపాను. ఇంకొకటి ఒలిచి జరిపాను.

చాలాసేపటికి తలెత్తి చూశాను. అవతల నేను కూర్చునే కుర్చీ ముందు, సగం లాగిన తెల్లటి తొడుగులతో తీగలు పేరుకుని ఉన్నాయి.